కంప్యూటరు క్రీడలో విమానము: దొర్లుటలోని చిక్కు

మెక్సికో సంస్థ స్క్వాడ్ 2015లో పూర్తిరూపమున వెలువరించిన 'కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్' క్రీడలో ఆటగాడే విమానమును కూర్చి ఎగురవేయును. కుడికి దొర్లించబోగా ముక్కు ఎడమకు మళ్లినచో పలువురు రెక్కలనే శంకింతురు. నేనును రెండు సాయంత్రములు రెక్కలు మార్చుచునే గడిపితిని. దోషము తోకలో నున్నది! ఈ క్రీడలో కదిలే పలక ప్రతిదియు, మనము వారింపనిచో, మూడు అక్షముల ఆజ్ఞలకును లోబడును. నిలువు తోకపలక గరిమనాభికి పైన, వెనుకగా నుండును. కావున దొర్లు ఆజ్ఞకు తానును కదలి తోకను కుడికి నెట్టును, ముక్కు ఎడమకు పోవును. ఆ పలకకు 'రోల్' ఆజ్ఞను తొలగించి, రెక్కల కొసలనున్న ఎయిలెరాన్లకే ఉంచవలెను. కొసకు జరిగిన కొలది బలభ్రామకము హెచ్చును. నిజ విమానములలోను దొర్లుటకు, ముక్కు మళ్లుటకు ఇట్టి పొత్తు కలదు. వాలునపుడు ముక్కు ఎదురుదిశకు మళ్లకుండుటకే 1902లో రైట్ సోదరులు తమ గ్లైడరు నిలువు తోకను కదలునట్లు చేసి, రెక్కల మెలితో ముడివేసిరి.