ఆరోగ్య బీమా – ఎంపికలో వివేకం

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దల మాట. కాని వ్యాధి చెప్పి రాదు. ఒక్క శస్త్రచికిత్స ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును హరించివేయగలదు. ఆ భారాన్ని పలువురు కలిసి పంచుకొనే ఏర్పాటే ఆరోగ్య బీమా. పేదల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది. అర్హులు మొదట ఇటువంటి ప్రభుత్వ పథకాలను విచారించాలి. తక్కినవారు పాలసీ కొనుక్కోవాలి.

పాలసీల ఎంపికలో ప్రీమియం ఒక్కటే కొలమానం కాదు. రెండు పాలసీలు చెరి 5 లక్షల రూపాయల బీమా కల్పిస్తున్నాయనుకుందాం. మొదటిదాని వార్షిక ప్రీమియం 12,000 రూపాయలు. అయితే ప్రతి బిల్లులో 20 శాతం పాలసీదారే భరించాలి. రెండవదాని ప్రీమియం 15,000 రూపాయలు. అందులో ఆ నిబంధన లేదు. బిల్లు 2 లక్షలైతే మొదటి పాలసీదారు 40,000 రూపాయలు చెల్లించవలసివస్తుంది. ఏటా 3,000 చొప్పున పదమూడేళ్లు మిగిల్చిన సొమ్ము ఒక్క బిల్లుతో కరిగిపోతుంది!

గది అద్దెపై గల పరిమితిని కూడా గమనించాలి. పూర్వమే ఉన్న వ్యాధులకు నిరీక్షణ కాలం ఉంటుంది. 2024 నాటి నిబంధనల ప్రకారం అది మూడేళ్లకు మించరాదు. వ్యాధిని దాచిపెడితే పరిహారం అందకపోవచ్చు. కనుక సంతకానికి ముందే షరతులన్నింటినీ చదవడం వివేకవంతుల లక్షణం.