కిలోమీటర్లు సరే, పడవ వెళ్తుందా?

మాది రోలుగుంట. మా వైపు ఏరంటే తాండవ. వేసవిలో అందులో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. అందుకే క్విజ్ కోసం "పడవలు నడిచే జలమార్గాలు ఏ దేశంలో ఎన్ని కిలోమీటర్లు" అనే పట్టిక చదువుతుంటే నాకొచ్చిన డౌటు ఒకటే: ఏ నెలలో కొలిచారు?

మరీ పిచ్చి డౌటేం కాదు. బంగ్లాదేశ్‌కి సుమారు 8,370 కి.మీ. అని రాస్తారు. నీళ్ళు తగ్గే కాలంలో అది 5,200కి పడిపోతుంది. ఒకే దేశానికి రెండు జవాబులు. ర్యాంకు ఇచ్చేటప్పుడు మాత్రం పెద్ద అంకె వాడతారు.

చైనాకి లక్ష కి.మీ. పైనే, రష్యాకి కూడా సుమారు లక్ష. మన దేశానికి సుమారు 14,500. కానీ 2016 చట్టం ప్రకారం మన జాతీయ జలమార్గాలు 111, మొత్తం 20,275 కి.మీ.! పడవ నడిచేదానికంటే ప్రకటించిందే ఎక్కువ. మన క్లాసు భాషలో చెప్పాలంటే, వేరియబుల్ డిక్లేర్ చేశాం, వాల్యూ ఇంకా పెట్టలేదు. పొడవొక్కటే చూసినా మోసమే. నెదర్లాండ్స్ ఆంధ్రప్రదేశ్‌లో పావు వంతు ఉంటుంది. అంత చిన్న దేశంలో 6,000 కి.మీ. పైనే ఉన్నాయి.

ఇక మన సంగతి. జాతీయ జలమార్గం-4ని 2008లో ప్రకటించినప్పుడు 1,078 కి.మీ. అందులో కాకినాడ కాలువ 50, ఏలూరు కాలువ 139, కొమ్మమూరు కాలువ 113, తర్వాత బకింగ్‌హాం కాలువ పుదుచ్చేరి వైపు. గోదావరి, కృష్ణల్లో కొంత భాగం కూడా కలిపారు. ఇవేవీ కొత్తగా తవ్వినవి కావు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించిన కాటన్ దొర కాలువల్ని పొలాలకే కాదు, పడవలకి కూడా అనుకున్నాడు. రైలు కంటే పడవ చవకని గట్టిగా వాదించాడు. కాలువ మట్టం మారేచోట రెండు తలుపుల మధ్య పడవని ఆపి, నీళ్ళు నింపితే పైకి, వదిలితే కిందకి, అచ్చం లిఫ్టే. గాలి లేకపోతే మనుషులే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్ళు. తర్వాత రైళ్ళు, లారీలు వచ్చాయి, కాలువల్లో పూడిక పెరిగింది.

మా అమ్మమ్మ వాళ్ళది సామర్లకోట వైపు. బస్సు ఎక్కడ దిగాలో అడిగితే ఇప్పటికీ "లాకుల దగ్గర దిగమ్మా" అంటుంది. చిన్నప్పుడు అదెవరిదో ఇంటిపేరు అనుకున్నాను. ఇంగ్లీషు లాకే అలా మారిందని ఇది రాస్తుంటేనే వెలిగింది, ఇంగ్లీషు మీడియం చదివి కూడా! రబీ అయ్యాక అక్కడ కాలువలు కట్టేస్తారు. మరి ఆ నెలల్లో ఈ 50 కి.మీ. లెక్కలోకి వస్తుందా?

నా పట్టికలో ఇంకో రెండు గడులు గీశాను: లోతెంత, ఏడాదిలో ఎన్ని నెలలు. కాకినాడ కాలువ వరసలో లోతు గడి ఖాళీగానే ఉంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు కర్ర ముంచి చూడాలి.