నెట్‌వర్క్ క్లౌడెక్కింది, ఈసీఈ వాళ్లు ఎక్కేదెప్పుడు?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా తల్లిదండ్రుల నోట ఒకటే మాట. "సీఎస్ఈ రాలేదు, ఈసీఈ వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తాదా సార్?" నాలుగేళ్ల తర్వాత ఆ పిల్లలే బెంగళూరు బస్సెక్కి, ఏ మారతహళ్లి పీజీలోనో దిగి, జావానో టెస్టింగో నేర్చుకుని, చదివిన డిజిటల్ కమ్యూనికేషన్స్‌ను పాత పుస్తకాలతో పాటు కాటాకు వేసేస్తారు. ఉద్యోగం వస్తే మంచిదే. కానీ చదివినదాన్ని పారేయకుండానే సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లే దారి ఒకటుంది. మొబైల్ నెట్‌వర్కులను క్లౌడ్ మీద నడిపే పని అది. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద 'క్లౌడ్' అన్న మాట ఎంత పెద్దగా ఉన్నా, ఈ సంగతి మాత్రం వాటిలో కనబడదు.

ఒకప్పుడు టెలికాం కంపెనీ కొనేది పెట్టెలు. కాల్ కలపడానికి ఒకటి, చందాదారుల వివరాలు దాచడానికి ఒకటి, డేటా పంపడానికి ఇంకొకటి. ఏ కంపెనీ పెట్టెలో ఆ కంపెనీ సాఫ్ట్‌వేరే నడిచేది. సామర్థ్యం చాలకపోతే మళ్లీ ఆర్డరు పెట్టి నెలల తరబడి ఎదురుచూడాలి. దీంతో విసిగిన 13 టెలికాం సంస్థలు 2012 అక్టోబరులో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఒక శ్వేతపత్రం విడుదల చేశాయి. ఈ పనులన్నీ మామూలు సర్వర్ల మీద సాఫ్ట్‌వేర్‌గా నడవాలన్నది దాని సారాంశం. 2018లో ఖరారైన 5జీ ప్రమాణాలు మరో అడుగు ముందుకేసి, నెట్‌వర్క్ గుండెకాయలాంటి కోర్‌ను చిన్నచిన్న సర్వీసులుగా విడగొట్టాయి. ఆ సర్వీసులు వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీలోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. జపాన్‌లో రాకుటెన్ మొబైల్ 2020 ఏప్రిల్‌లో నెట్‌వర్క్ మొత్తాన్ని ఇలా సాఫ్ట్‌వేర్ మీదే మొదలుపెట్టి చూపించింది.

ఇదంతా ఎక్కడో జరుగుతున్నది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో జియో 5జీ 2022 డిసెంబరు 26న మొదలైంది. తొలి విడత ఊళ్లలో తిరుమల ఉంది. అది 4జీ మీద ఆధారపడని, సొంతంగా తయారుచేసుకున్న క్లౌడ్ కోర్ మీద నడిచే 5జీ. ఇక బీఎస్ఎన్ఎల్ కథ మరీ ఆసక్తికరం. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగుడాలో ప్రధాని ప్రారంభించిన స్వదేశీ 4జీలో కోర్ సీ-డాట్‌ది, రేడియోలు తేజస్‌వి, అన్నింటినీ కలిపి కూర్చింది టీసీఎస్. దాదాపు 97,500 టవర్లు. ఇది క్లౌడ్ ఆధారిత నెట్‌వర్క్ అనీ, సాఫ్ట్‌వేర్ మార్పులతో 5జీకి వెళ్లగలదనీ ప్రభుత్వమే చెప్పింది. ఇన్నాళ్లూ ఎక్కువగా విదేశీ కంపెనీలే చేసిన కోర్ తయారీ పని ఇప్పుడు మన దేశంలోనూ జరుగుతోందన్నమాట.

అయితే క్లౌడ్ ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలియాలంటే తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రాత్రిని తీసుకోండి. మాడవీధుల చుట్టూ లక్షల మంది. వాహనం కనబడగానే ఫోన్లన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి, వీడియో కాల్‌లో ఊళ్లో ఉన్న అమ్మమ్మకు దర్శనం. ఆ క్షణాన నెట్‌వర్క్ రెండు చోట్ల నలుగుతుంది. కోర్‌లో ఒకేసారి వేల ఫోన్లు నమోదవుతాయి, వేల సెషన్లు తెరుచుకుంటాయి. పాత పద్ధతిలో ఈ ఒక్క రాత్రి కోసం కొన్న పెట్టె మిగతా ఏడాదంతా సగం ఖాళీగా పడి ఉండేది. ఇప్పుడు కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్ అదే సర్వీసుకు మరికొన్ని నకళ్లు లేపి, రద్దీ తగ్గాక దించేస్తుంది. రెండోచోటు రేడియో. అక్కడ క్లౌడ్ చేతులెత్తేస్తుంది. కోర్‌లో అలాంటి నకళ్లు (పాడ్‌లు) వంద పెంచినా మాడవీధిలో స్పెక్ట్రమ్ అంగుళం పెరగదు. దానికి అదనపు సెల్లులు కావాలి, వ్యాన్ల మీద తాత్కాలిక టవర్లు తేవాలి. ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా ఉండి డేటా కదలకపోతే తప్పు ఎటువైపుదో చెప్పగలిగినవాడే ఈ రంగంలో పనికొచ్చేవాడు. ఉత్త క్లౌడ్ కోర్సు చేసినవాడు అది చెప్పలేడు, ఉత్త ఈసీఈ చదివినవాడూ చెప్పలేడు. రెండూ తెలిసినవాళ్లు తక్కువ కాబట్టే ఈ వ్యాసం.

నేర్చుకోవడానికి లక్షలు పోయనక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుంటే మీ గదిలోనే ఒక 5జీ కోర్ నడుస్తుంది. ఓపెన్5జీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కోర్ అవుతుంది. యూఈర్యాన్‌సిమ్ అనే మరొకటి టవర్‌గానూ ఫోన్‌గానూ నటిస్తుంది. ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ తెరిచి పెట్టుకుని 'ఫోన్' ఆన్ చేయండి. రిజిస్ట్రేషన్ రిక్వెస్ట్, ఆథెంటికేషన్, సెషన్... క్లాసులో బాణం గీతలుగా చూసినవి వరుసగా తెర మీద పడతాయి. అక్కడితో ఆగకుండా మీరే చెడగొట్టండి. ఆ సాఫ్ట్‌వేర్‌లో ముందుగా ఉండే నెట్‌వర్క్ కోడు 999-70. టవర్ ఫైల్లో మాత్రమే అందులోని 999ను మన దేశపు 404కు మార్చి చూడండి, కోర్ ఆ టవర్‌ను గడప దాటనివ్వదు. సరిచేశాక, చందాదారుడి రహస్య కీలో ఒక్క అంకె మార్చండి. టవర్ కలుస్తుంది, ఫోన్ నమోదు కాదు. దాన్నీ సరిచేసి, ఈసారి సర్వర్‌లో నాట్ (అడ్రసు మార్పిడి) నియమం తీసేయండి. ఫోన్ నమోదవుతుంది, ఐపీ అడ్రసూ వస్తుంది, కానీ బయటికి పింగ్ పోదు. ఈ మూడు తప్పులకూ లాగ్‌లు ఎలా వేరుగా ఉన్నాయో రాసిపెట్టుకోండి. తర్వాత ఇదే కోర్‌ను డాకర్‌లోకి, అక్కడి నుంచి కుబర్నెటీస్ మీదికి ఎక్కించండి. అసలు తలనొప్పి అక్కడే మొదలవుతుంది. టవర్‌కూ కోర్‌కూ మధ్య నడిచేది ఎస్‌సీటీపీ అనే ప్రోటోకాల్. మామూలు వెబ్ అప్లికేషన్లకు దానితో పనే పడదు. దాన్ని సరిగ్గా నడిపించడంలోనే టెలికాం క్లౌడ్‌కూ మామూలు క్లౌడ్‌కూ తేడా అర్థమవుతుంది.

దీనికి పునాది లినక్స్, ఐపీ నెట్‌వర్కింగ్, కొంచెం పైథాన్. సర్టిఫికెట్లంటారా, కుబర్నెటీస్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష సీకేఏ మంచిదే. రెండు గంటల పాటు కమాండ్లు కొట్టి చేసి చూపించాలి, బట్టీ కుదరదు. ఫీజు మాత్రం 30 వేల రూపాయల పైమాటే. ఉద్యోగంలో చేరాక కంపెనీ ఖర్చుతో రాస్తే ఇంకా మంచిది.

ఏదో ఒక క్లౌడ్ కంపెనీ పేరుకు జీవితం ముడివేసుకోవద్దు. అమెరికాలో డిష్ సంస్థ తన 5జీని అమెజాన్ క్లౌడ్ మీద కట్టి పేరు తెచ్చుకుంది. 2025 ఆగస్టులో దాని మాతృసంస్థ ఎకోస్టార్ తన స్పెక్ట్రమ్‌లో పెద్ద భాగాన్ని సుమారు 2,300 కోట్ల డాలర్లకు ఏటీ అండ్ టీకి అమ్ముతున్నట్టు ప్రకటించింది. 2021లో ఏటీ అండ్ టీ నుంచి నెట్‌వర్క్ క్లౌడ్ టెక్నాలజీ కొన్న మైక్రోసాఫ్ట్ కూడా తర్వాత టెలికాం వైపు జోరు తగ్గించుకుంది. లినక్స్, ప్యాకెట్ తెలిసినవాడికి ఇందులో ఏదీ పిడుగుపాటు కాదు.

మన ప్రాంతానికి ఒక కలిసొచ్చే అంశముంది. టెలికాం పరికరాల సంస్థ ఎరిక్సన్‌కు చెన్నైలోనూ బెంగళూరులోనూ పరిశోధన కేంద్రాలున్నాయి. నోకియా, తేజస్, మావెనిర్, జియో కొన్న రాడిసిస్ అన్నీ బెంగళూరులో ఉన్నాయి. చిత్తూరు ఈ రెండు నగరాల మధ్యలోనే ఉంది. శ్రీసిటీ, తిరుపతి పరిసరాల్లోని ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలను దీనితో కలపొద్దు, అక్కడ దొరికేది తయారీ పని. ఐఐటీ తిరుపతి, శ్రీసిటీ ట్రిపుల్ఐటీ, ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీల్లో వర్క్‌షాపులు జరిగితే వెళ్లండి. మీది ఏ కాలేజీ అయినా, మీ సార్‌ను అడిగితే ఫైనలియర్ ప్రాజెక్టుగా పైన చెప్పిన ల్యాబ్ పెట్టుకోవచ్చు. కొన్న ప్రాజెక్టు కంటే అది వెయ్యి రెట్లు నయం.

ఉద్యోగాల విషయంలో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఫ్రెషర్‌కు ఆర్కిటెక్ట్ కుర్చీ ఎవరూ వేయరు. టెస్టింగ్, ఇంటిగ్రేషన్, లేదంటే నెట్‌వర్క్‌ను ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకునే ఎన్‌ఓసీలో నైట్ షిఫ్టు. అక్కడ చాలా పోస్టులు కాంట్రాక్టువి. అలారాలు చూసి టికెట్ రాసే పనిని ఆటోమేషన్ మింగేస్తోంది కూడా. అందుకే ఎన్‌ఓసీలో చేరిన మొదటి ఏడాదిలోనే స్క్రిప్టులు రాయడం మొదలుపెట్టాలి. డిప్లొమా, ఐటీఐ వాళ్లకు ఫైబర్ స్ప్లైసింగ్, టవర్ మెయింటెనెన్స్ ఎక్కడికీ పోలేదు. కోర్ ఎంత మేఘాల్లోకి వెళ్లినా అక్కడికి చేరేది నేలలో పాతిన ఫైబర్ మీదే. సర్కారీ కొలువు కావాలంటే యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షలో ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికాం విభాగం ఉంది, దాని ద్వారానే ఇండియన్ టెలికాం సర్వీస్.

రెజ్యూమేలో 'క్లౌడ్, 5జీ, ఏఐ' అని మూడు మాటలు రాస్తే ఎవరూ ఆగి చూడరు. మీరు చెడగొట్టి బాగుచేసిన ఆ మూడు తప్పులనూ, లాగ్‌లతో సహా గిట్‌హబ్‌లో పెట్టి లింకు ఇవ్వండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అక్కడి నుంచే వచ్చే అవకాశం ఎక్కువ, దానికి జవాబు మీ చేతిలో ముందే ఉంటుంది.