దేహకాంతియు చిత్కళయు

మానవదేహము సన్నని వెలుగును వెడలించుచున్నదని విన్నంతనే, దీక్షాకాలమున గురువు శిష్యుని మస్తకమునుండి గ్రహించి ఇష్టలింగమందుంచు చిత్కళ ఇదియే గదాయని సంతోషించువారు మనలో కలరు. సంతోషమునకు ముందు విచారణ మేలు.

వెలుగు కలదనుట సత్యమే. 2009లో జపానుదేశపు శాస్త్రజ్ఞులు అయిదుగురు ఆరోగ్యవంతులైన యువకులను చిమ్మచీకటి గదిలో కూర్చుండబెట్టి, మిక్కిలి చల్లబరచిన కెమెరాతో ఉదయము 10 గంటలు మొదలు రాత్రి 10 గంటల వరకు, మూడేసి గంటలకొకమారు, మూడు దినములు చిత్రములు తీసి ప్రకటించిరి. ఆ కాంతి మన కన్ను చూడగల వెలుగులో వేయవవంతు మాత్రమే. ఉదయము తక్కువ, సాయంకాలము 4 గంటల వేళ ఎక్కువ. మొగమున, విశేషించి చెక్కిళ్ళయందు, అధికము. ఇది దేహపు వేడిమి కాదు. వేడి హెచ్చిన చోటనే వెలుగు హెచ్చుగా నుండలేదు.

కణములలో ప్రాణవాయువు వినియోగమగునపుడు దాని చురుకైన రూపములు కొన్ని పుట్టి, క్రొవ్వులతోను మాంసకృత్తులతోను కలియును. అట్లు శక్తి పొందిన అణువులు నెమ్మదించునపుడు కాంతికణములను విడుచును. పొయ్యిలోనుండి ఎగయు నిప్పురవ్వల వంటివివి. కెనడా శాస్త్రజ్ఞులు 2025లో ప్రకటించిన పరిశోధనలో, చనిపోయిన ఎలుకల దేహములను అదే వేడిలో ఉంచినను వెలుగు మిక్కిలి తగ్గినది. అయితే, గాయపడిన ఆకులలో గాయమైన భాగమే ఎక్కువ వెలిగినది! కావున వెలుగు హెచ్చినంత మాత్రమున ఆరోగ్యము హెచ్చినదనరాదు. దీనిని బట్టి రోగము నిర్ణయించు పద్ధతి ఇంకను పరిశోధనలోనే యున్నది.

ఇట్లుండగా, ప్రభామండలపు ఫోటోలని రంగులు చూపి, రోగములు చెప్పి ద్రవ్యము గైకొనువారు బయలుదేరినారు. 1939లో సోవియట్ దేశమున కిర్లియన్ కనుగొన్న చిత్రములు హెచ్చు విద్యుత్తు వలన చర్మపు తేమచుట్టు పుట్టు మెరుపులే గాని దేహము తనంతట వెడలించు కాంతి కాదు. ఆ రంగులను నమ్మి మధుమేహమునకు రక్తపరీక్షను, క్షయకు కళ్ళెపరీక్షను మానినచో నష్టపోవునది ఆ యింటివారే. దేహమును దేవాలయమన్న బసవేశ్వరుని మాటను గౌరవించువారికి ఈ ఉపేక్ష తగదు.

ఇక చిత్కళ సంగతి. యంత్రమునకందిన ఈ వెలుగు ఎలుకకును కలదు, ఆకునకును కలదు. దానికి గురువక్కరలేదు, దీక్షయు అక్కరలేదు. ఇది అంగమునకు చెందినది. లింగమందు గురువు నెలకొల్పునది కొలతకు వచ్చునది కాదు. రెంటిని ఒకటిగా చెప్పుట సిద్ధాంతమునకు బలము కాదు, విజ్ఞానమునకు మర్యాదయు కాదు.

లింగపూజ ముగించి లేచిన పెద్దల మొగమున కనబడు కళ యేమని కొందరడుగుదురు. అది కంటికి కనబడుచున్నది గదా! వేయవవంతు వెలుగు కంటికెట్లు కనబడును?