రూతు ఆ పొలములో ఎట్లు నిలిచెను?
పఠన భాగము: రూతు 2వ అధ్యాయము



రూతు కష్టజీవి యని మనము పలుమారులు వినియున్నాము. ఉదయము మొదలుకొని ఆమె పాటుపడుచున్నదని కోతవారిమీద నుంచబడిన పనివాడే సాక్ష్యమిచ్చెను. అయితే యవలకోత మొదలుకొని గోధుమకోత ముగియువరకు ఆమె ఆ పొలములోనే నిలుచుటకు ఆమె కష్టమొక్కటే కారణమా?

ఈ ప్రశ్న మాకు ఊరక పుట్టలేదు. షామీర్‌పేట దగ్గరి పల్లెలో మన సంఘపు చెల్లెలు ఒకతెకు మందుల కంపెనీలో ప్యాకింగు పని దొరకెను. సిఫారసు ఉత్తరము వ్రాసినది మేమే. మూడవ నెలలో ఆమె పని మానివేసెను. ఈ కాలపు పిల్లలకు ఓర్పు లేదని మేము అంటిమి. ఆమె యింటికి వెళ్లి సంగతి అడుగుటకు మాకు మరి రెండు నెలలు పట్టెను. చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నది.

రెండవ షిఫ్టు రాత్రి పది గంటలకు వదలును. కంపెనీ బస్సు రాజీవ్ రహదారి మీదనే దింపును. అక్కడనుండి ఊరికి రెండు కిలోమీటర్లు. దారిలో దీపములు లేవు. ఇంట ఏడాది బిడ్డ, కీళ్లనొప్పులతో అత్తగారు. బిడ్డకు జ్వరమై ఒక దినము రాకపోగా కాంట్రాక్టరు రెండు దినముల కూలి కోసెను.

ఇప్పుడు మరల ఆ అధ్యాయమును చదువుడి. బోయజు ఆమెకు ఓర్పునుగూర్చి బోధింపలేదు. ఆమెను ముట్టకూడదని పనివారికి ఆజ్ఞాపించెను. దప్పి గొనినప్పుడు నీళ్లెక్కడనున్నవో చూపెను. తన పనికత్తెలతో కూడ నుండుమనెను. భోజనవేళ పిలిచి పెట్టెను. వేరొక పొలములో కోడలికి ఏమగునోయని నయోమికి సహితము భయముండెను. రూతు మోయాబునుండి వచ్చిన పరదేశి గదా.

పరదేశులు మన దారినే నడిచిరి. 2020 లాక్‌డౌనులో పని పోయిన ఉత్తరాది కూలీలు మేడ్చల్ మీదుగా జాతీయ రహదారి వెంబడి కాలినడకన వెళ్లుట మనలో అనేకులు చూచితిమి. పనితో కూడ గది అద్దెయు, తిండియు తెగిపోయెను.

మన ప్రాంతమున పని లేదని చెప్పజాలము. మేడ్చల్‌లో పారిశ్రామికవాడ కలదు. 1999లో ఆరంభమైన జీనోమ్ వ్యాలీ తుర్కపల్లి యొద్ద నున్నది. పని దొరకుట వేరు, పనిలో నిలుచుట వేరు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము మొదలాయెను. మంచిదే. గాని ఆ వేళకు పల్లెకు బస్సే లేనియెడల ఉచితమువలన ఏమి లాభము? 50 మంది గాని అంతకు మించి గాని పనిచేయు చోట పసిపిల్లలను చూచు వసతి యుండవలెనని 2017లో ప్రసూతి చట్టమునకు సవరణ వచ్చినది. ఉత్తరము వ్రాసిననాడు ఆ సంగతి మాకు తెలియదు, తెలిసియుంటే అడిగియుందుము.

మొన్న మన పెద్దలిద్దరు కాంట్రాక్టరును కలిసిరి. చూతమనెను. పిమ్మట ఆ చెల్లెలిని, “మరల పనికి పోతావా అమ్మా?” అని అడిగితిమి.

“బస్సు మా ఊర్లకు వస్తదా అయ్యగారూ?” అని ఆమె తిరిగి అడిగెను.