మూయరాని తూము: రక్తపు మూలకణములలో వచ్చు మార్పు

వరంగల్లు ప్రాంతపు పంచాయతీ సభ్యులకు చెరువు తూము సంగతి క్రొత్త కాదు. పాకాల చెరువు క్రింద సకాలమున తూము తెరచినచో పొలము పండును. మూయుట మరచినచో ఆ నీరే పంటను ముంచును. మన శరీరములో రక్తము తయారగు విధమును ఇట్టిదే.

ఎముకల లోపలి మూలుగలో మూలకణములు కలవు. ఎర్రకణములు, తెల్లకణములు, ప్లేట్‌లెట్లు వీనినుండియే పుట్టుచున్నవి. ఏ కణము ఎప్పుడు పెరుగవలయునో, ఎప్పుడు నశింపవలయునో నిర్ణయించునవి జన్యువులు. ఇవి 23 జతల క్రోమోజోములలో ఇమిడియున్నవి. తూము కాడ నీరటి యెట్టివాడో, కణమునకు జన్యువు అట్టిది.

ఒక్క మూలకణములో 9వ క్రోమోజోము ముక్కయు, 22వ దాని ముక్కయు తారుమారైనచో రెండు జన్యువులు అతుకుకొని క్రొత్త జన్యువొకటి ఏర్పడును. అదియే మూయరాని తూము. ఆ కణపు సంతతి మితిమీరి పెరుగును. నశింపవలసిన వేళ నశింపదు. దీనినే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అను రక్తకేన్సరు అందురు. ఈ క్రోమోజోము లోపమును 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున నోవెల్, హంగర్‌ఫర్డ్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

రక్తకేన్సరులపై సాగిన పోరులో తెలుగువారికిని పాలు కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధకబృందము అమినాప్టెరిన్ అను మందును సిద్ధపరచెను. వేరొక తరహా రక్తకేన్సరు సోకిన పిల్లలకు దానివలన తాత్కాలికముగా ఉపశమనము కలిగినట్లు 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వెల్లడించెను. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ మాత్ర, మనము చెప్పుకొనిన ఆ పాడైన తూమునే మూయును. పూర్వము ఈ వ్యాధిగ్రస్తులలో అధికులు కొలది యేండ్లలో మరణించెడివారు. నేడు మాత్ర తప్పక వాడువారిలో పెక్కుమంది తమ పనులు తాము చేసికొనుచు చిరకాలము జీవించుచున్నారు.

ఈ వ్యాధి అంటునది కాదు. తల్లిదండ్రులనుండి వచ్చునదియు కాదు. చేతబడి ఫలితము అసలే కాదు. నీరసము, బరువు తగ్గుట, ఎడమ డొక్కలో నిండుదనము, రాత్రి చెమటలు వారముల తరబడి యున్నచో ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున రక్తపరీక్ష చేయింపుడు. పెద్దపరీక్షలకు వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రియు, హైదరాబాదులో ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రియు కలవు.

మరియొక మాట. ఒంట్లో బాగున్నదని వైద్యుని అడుగక మాత్ర మానరాదు. మారిన మూలకణములు కొన్ని మందుకు లొంగక మూలుగలో దాగియుండి, మరల పెరుగవచ్చును. మీ గ్రామమున ఇట్టి రోగి యున్నచో నెలనెలా మందు అందుచున్నదో లేదో పంచాయతీ విచారింపవలెనని మేము మనవి చేయుచున్నాము.