తప్పుల ఖాతా రాసుకోండి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలామందికి ఒకటే బెంగ: నా కోడ్‌లో తప్పు బయటపడితే నా పరిస్థితి ఏంటి? అందుకే గుట్టుచప్పుడు కాకుండా సరిచేసేసి, టికెట్ మూసేసి, ఆ సంగతే మరిచిపోతారు. రెండేళ్లకు అదే తప్పు మరో ప్రాజెక్టులో ఎదురవుతుంది. పదేళ్ల అనుభవం ఉన్నా చేతికి పట్టు రాకపోవడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం.

డొనాల్డ్ కనూత్ 1974లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న శాస్త్రవేత్త. పుస్తకాల అచ్చుకూర్పు కోసం టెక్ అనే సాఫ్ట్‌వేర్ రాస్తూ, 1978 నుంచి అందులో దొరికిన తప్పులన్నిటికీ లెక్క రాసిపెట్టుకున్నారు. వాటిని 15 రకాలుగా విడదీశారు: అల్గారిదం తప్పులు, మాడ్యూళ్ల మధ్య పొసగనివి, ఊహించని సందర్భాలు, వట్టి టైపింగ్ పొరపాట్లు... 1989లో ఆ చిట్టా మొత్తం అచ్చువేశారు. అంతటి మనిషి దాచుకోనిది మనమెందుకు దాచుకోవాలి?

తప్పును ఇలా బయటపెట్టిన కంపెనీలూ ఉన్నాయి. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్లు తమ కోడ్ భద్రపరచుకునే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజినీర్ డేటాబేస్ ఇబ్బందితో కుస్తీపడుతూ, ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లో డిలీట్ కమాండ్ కొట్టాడు. ఒకటి రెండు క్షణాల్లోనే తెలుసుకుని ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్‌లు చూస్తే రోజువారీ బ్యాకప్ ఎన్నాళ్లుగానో విఫలమవుతోంది; అది విఫలమైందని చెప్పాల్సిన మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు అతనే తీసి ఉంచిన కాపీ ఆదుకుంది. కంపెనీ ఆ మరమ్మతును యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది, కారణాలన్నీ రాసి ప్రకటించింది. కారణాల వెతుకులాట కమాండ్ కొట్టిన మనిషి దగ్గరే ఆగిపోయి ఉంటే, పనిచేయని బ్యాకప్ సంగతి అలాగే మరుగునపడేది.

మీరూ ఒక ఫైల్ తెరవండి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ముందే ఎందుకు దొరకలేదు అనే మూడూ రాయండి. ఉదాహరణకు: ‘నెలాఖరు రిపోర్టులో చివరి రోజు లావాదేవీలు రాలేదు. చివరి తేదీని సమయం లేకుండా పోల్చడంతో ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి దగ్గరే లెక్క ఆగింది. టెస్ట్ డేటాలో తేదీలకు సమయం లేదు కాబట్టి దొరకలేదు.’ మూడో వాక్యమే అసలైనది. చాలామంది వదిలేసేదీ అదే. అది రాశాక ఆ సందర్భానికి ఒక టెస్ట్ కూడా జతచేయండి.

ఉద్యోగం రానివాళ్లు కాలేజీ ప్రాజెక్టుతోనే మొదలుపెట్టవచ్చు. ‘మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే, ‘నాకు పని మీద శ్రద్ధ మరీ ఎక్కువ’ లాంటి బట్టీ జవాబులు వద్దు. ఆ ఫైల్‌లోంచి ఒకటి తీసి, ఎలా కనిపెట్టారో, తర్వాత ఏం మార్చారో ఉన్నదున్నట్టు చెప్పండి.